ఎవరో పంపిన వీడియో ఫైల్‌ను దేంట్లో తెరవాలి? బ్రౌజర్, వీఎల్‌సీ, ఫోన్, సర్వర్: ఏది ఎంతవరకు సేఫ్

"వీడియోలో వైరస్ ఏముంటుంది, అదేమన్నా ప్రోగ్రామా?" ఈ మాట కృష్ణానగర్ ఎడిట్ రూముల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, మాదాపూర్‌లో కొత్తగా యాప్ కడుతున్న పిల్లల దగ్గర ఒకేలా వినిపిస్తుంది. సగం నిజమే. ఫైల్ తనంతట తాను నడవదు. కానీ దాన్ని చదివే డీకోడర్ నడుస్తుంది, ఆ డీకోడర్ లెక్క తప్పేలా ఫైల్ తయారుచేస్తే, ఆ తయారుచేసినవాడు చెప్పిన పని మీ మెషీన్ చేసిపెడుతుంది.

జరిగేది ఇది. వీడియో ఫైల్లో వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, ఈ ముక్క ఇన్ని బైట్లు అని కొన్ని లెక్కలు రాసి ఉంటాయి. డీకోడర్ వాటిని నమ్మి అంత మెమరీ తీసుకుని, అందులో ఫ్రేమ్ నింపుతుంది. ఎవడో కావాలని వెడల్పు 65,536, ఎత్తు కూడా 65,536 అని రాశాడనుకోండి. గుణిస్తే 4,29,49,67,296. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య దీనికంటే సరిగ్గా ఒకటి తక్కువ, కాబట్టి లెక్క గిర్రున తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. డీకోడర్ చిన్న ముక్క మెమరీ చాలనుకుంటుంది, రాయడం మాత్రం ఫ్రేమ్ మొత్తం రాస్తుంది, అది పొంగి పక్కనున్న మెమరీ మీద పడుతుంది. ఆ పక్కన ఏముంటుందో ముందే లెక్కేసుకుని, దాని మీద ఏం పడాలో ఫైల్లోనే పేర్చిపెట్టినవాడికి మీ ప్రోగ్రామ్ పగ్గాలు చేతికొస్తాయి. వదిలేసిన మెమరీని మళ్ళీ ముట్టుకోవడం, ఒకే మెమరీని రెండుసార్లు వదిలేయడం, ఇలా ఇంకా రకాలున్నాయి, ఫలితం మాత్రం దాదాపు అదే.

డీకోడర్లలోనే ఇన్ని బగ్స్ ఎందుకంటే, స్పీడ్ కోసం. 4కే వీడియో సెకనుకు 60 ఫ్రేములతో నడవాలంటే సెకనుకు దాదాపు 50 కోట్ల పిక్సెళ్ళు తయారవ్వాలి, అందుకే వీటిని సీ భాషలో, చాలాచోట్ల చేత్తో రాసిన అసెంబ్లీలో రాస్తారు, అక్కడ హద్దు దాటావా అని అడిగే దిక్కు ఉండదు. క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియం ప్రాజెక్ట్ టీమ్ 2020లో తమ సీరియస్ సెక్యూరిటీ బగ్స్ లెక్క తీస్తే దాదాపు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులే.

అందుకని "అన్నా, ఏ ప్లేయర్లో బగ్స్ లేవు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. నేను చూసేవి రెండే. బగ్ పేలిన రోజు దాని చేతికి ఏమేం దొరుకుతాయి? ప్యాచ్, అంటే ఆ బగ్‌ని సరిచేసే అప్‌డేట్, వచ్చాక అది మీ మెషీన్ దాకా ఎంత త్వరగా, మీరు తలుచుకోకుండానే, వస్తుంది? కింద చెప్పే ప్రతి ఎంపికా ఈ రెండింటి మీదే.

ప్లేయర్ మార్చితే సరిపోతుందా

చాలాసార్లు సరిపోదు. ఎంపీవీ తీసుకోండి, ఎంపీసీ-హెచ్‌సీ తీసుకోండి, లోపల డీకోడ్ చేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ (FFmpeg) అనే ఉచిత ప్రాజెక్ట్ లైబ్రరీలే, అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకునే కోడే. వీఎల్‌సీ కూడా చాలా ఫార్మాట్లకి వాటినే వాడుతుంది, ఎంకేవీ, ఏవీఐ లాంటి ఫైళ్ళను విప్పే భాగం మాత్రం దాని సొంతం. క్రోమ్ లోపల కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. హోటల్ బోర్డు మారినా వంటమాస్టర్ ఒకడే అన్నమాట.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని తక్కువ చేయడానికి ఇది చెప్పట్లేదు. ఇంత గట్టిగా పరీక్షలు ఎదుర్కొన్న సాఫ్ట్‌వేర్ తక్కువ. గూగుల్‌లో ఇద్దరు రీసెర్చర్లు దాని మీద ఫజ్జింగ్ చేసి, అంటే పాడుచేసిన ఫైళ్ళను లక్షలకొద్దీ తినిపించి ఎక్కడ పడిపోతుందో చూసి, దాని ఫలితంగా వెయ్యికి పైగా ఫిక్సులు పడ్డాయని 2014 జనవరిలో ప్రకటించారు. 2016 చివర్లో మొదలైన ఓఎస్ఎస్-ఫజ్ అనే గూగుల్ సర్వీసు ఆ పనిని ఇప్పటికీ ఆపకుండా చేస్తోంది. అసలు చిక్కు వేరే ఉంది: అందులో ఎవరూ వాడని పాత ఫార్మాట్లు వందలకొద్దీ ఉన్నాయి. 2025లో గూగుల్ ఏఐ టూల్ ఒకటి లూకాస్‌ఆర్ట్స్ కంపెనీ పాత గేముల వీడియో ఫార్మాట్ డీకోడర్లో మెమరీ బగ్ పట్టుకుంది, 1995 నాటి గేమ్ కోసం ఎవరో ఇష్టంగా రాసిన కోడ్ అది. జీతం లేకుండా పనిచేసే వాలంటీర్ల మీద ఇలాంటివన్నీ ఫిక్స్ చేయమని పెద్ద కంపెనీలు ఒత్తిడి పెట్టడం న్యాయమా అని పెద్ద చర్చే నడిచింది. నా మటుకు నాకు వాలంటీర్ల బాధే సబబనిపిస్తుంది, డబ్బున్నవాళ్ళు బగ్‌తో పాటు ఫిక్స్ కూడా పంపాలి. కానీ మన పనికి ముఖ్యమైన పాయింట్ వేరు: మీకు అక్కర్లేని ఫార్మాట్ కూడా మీ ప్లేయర్లో తెరుచుకుని ఉంటుంది, ఫైల్ పంపేవాడు ఏ తలుపు తట్టాలో వాడే ఎంచుకుంటాడు.

బ్రౌజరా, వీఎల్‌సీనా

తెలియనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఫైల్, ఒకసారి చూస్తే చాలు అంటే, నేను బ్రౌజర్‌కే ఓటేస్తాను. ఎంపీ4నో వెబ్ఎంనో తీసుకొచ్చి క్రోమ్ ట్యాబ్‌లో పడేయండి, ప్లే అవుతుంది. క్రోమ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని వాడినా, తనకు కావలసిన కొద్ది ఫార్మాట్లే ఉంచి మిగతావి తీసేసి బిల్డ్ చేసుకుంటుంది, పైగా డీకోడింగ్ అంతా శాండ్‌బాక్స్‌లో, అంటే మీ ఫైళ్ళను ముట్టుకోనివ్వని గది లాంటి ప్రాసెస్‌లో, జరుగుతుంది, కాబట్టి బగ్ పేలినా మీ డీ డ్రైవ్‌లో ఉన్న పెళ్ళి ఫుటేజ్ దానికి నేరుగా అందదు, ఇంకో బగ్ కూడా కలిస్తేనే అక్కడిదాకా వెళ్ళగలదు. ఫైర్‌ఫాక్స్ ఇంకో అడుగు ముందుకేసి, ఎంపీ4 ఫైల్‌ను విప్పే భాగాన్ని 2016లోనే రస్ట్ భాషలో రాసుకుంది. హద్దు దాటితే ఆ భాషే ఆపేస్తుంది.

అలాగని బ్రౌజర్‌కి దెబ్బ తగలదని కాదు. 2023 సెప్టెంబర్‌లో రెండు పెద్దవి పడ్డాయి: బొమ్మల ఫార్మాట్ వెబ్‌పీ లైబ్రరీలో ఒకటి, ఆ వెంటనే వీపీ8 వీడియోని నడిపే లిబ్‌వీపీఎక్స్‌లో ఇంకోటి, రెండోది నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ చేతిలో అప్పటికే వాడకంలో ఉందని గూగులే చెప్పింది. తేడా ఏంటంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్లు తమంతట తాము దిగిపోయాయి, చాలామంది బ్రౌజర్ మూసి తెరిచేసరికి పని అయిపోయింది. అదే లైబ్రరీని లోపల పెట్టుకున్న డెస్క్‌టాప్ యాప్‌లకి మాత్రం ఒక్కోదానికీ వేరేగా అప్‌డేట్ రావాల్సి వచ్చింది.

వీఎల్‌సీ విషయానికొస్తే, మంచి ప్లేయర్, టీమ్ నిజాయితీగా పనిచేస్తుంది, ఫిక్సులు ఇస్తారు. 2019లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో, బగ్ పట్టినవాళ్ళకి బహుమతిచ్చే బగ్ బౌంటీ పెట్టి, అందులో దొరికినవాటిని ఆ జూన్‌లో ఒకే వెర్షన్లో గంపగుత్తగా మూసేశారు. కానీ విండోస్‌లో మనం వాడే 3వ సిరీస్‌కి శాండ్‌బాక్స్ లేదు. బగ్ పేలిందంటే మీ యూజర్ అకౌంట్‌కి ఏం కనిపిస్తే దానికీ అవన్నీ కనిపిస్తాయి. పైగా అప్‌డేట్ వచ్చిందని అడుగుతుంది, మనం తర్వాత అని నొక్కేస్తాం. 2022లో వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ సైటే మన దేశంలో నెలల తరబడి బ్లాక్ అయింది, నవంబర్‌లో కానీ తెరుచుకోలేదు. ఆ టైమ్‌లో జనం ఎక్కడెక్కడి సైట్ల నుంచో సెటప్ ఫైళ్ళు దింపుకున్నారు, అవి పెన్‌డ్రైవుల్లో ఊరంతా తిరిగాయి. మీ షాపులో అలాంటి పాత సెటప్ ఉంటే తీసేయండి, అసలు సైట్ నుంచి కొత్తది వేసుకోండి. ఇది ఈరోజే చేయాల్సిన పని.

మీకు తెలిసిన కెమెరామన్ కార్డులో ఇచ్చిన ఫైళ్ళకు అప్‌డేట్ చేసిన వీఎల్‌సీ హాయిగా వాడుకోండి, టెన్షన్ అక్కర్లేదు. ఎవరో మెయిల్లో, టెలిగ్రామ్‌లో పంపిన ఏవీఐ, ఎంకేవీ బ్రౌజర్లో తెరుచుకోకపోతే, విండోస్ ప్రో ఉన్నవాళ్ళు విండోస్ శాండ్‌బాక్స్ ఆన్ చేసుకుని అందులో నెట్ ఆపేసి వీఎల్‌సీలో చూడండి, మూసేయగానే లోపల జరిగినదంతా పోతుంది. హోమ్ ఎడిషన్‌లో ఆ ఫీచర్ లేదు, అక్కడ ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ పెట్టుకోవడమే.

సబ్‌టైటిల్ ఫైళ్ళూ ఇదే లెక్కలోకి వస్తాయి. చెక్ పాయింట్ కంపెనీ వాళ్ళు 2017 మేలో సబ్‌టైటిల్ ఫైల్‌తోనే వీఎల్‌సీ, కోడి లాంటి ప్లేయర్లని లొంగదీసి చూపించారు. ఇక విండోస్ ఎక్స్‌ప్లోరర్ చూపించే థంబ్‌నెయిల్ ఉంది చూశారా, ఆ చిన్న బొమ్మ రావాలంటే ఎవరో ఒకరు ఫైల్‌ను డీకోడ్ చేయాలి, మీరు డబుల్ క్లిక్ చేయకముందే. బయటి డ్రైవులు రోజూ పెట్టే సిస్టమ్‌లో ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి థంబ్‌నెయిల్స్ ఆపేయండి.

కోడెక్ ప్యాకులు, క్విక్‌టైమ్

వీటి గురించి ఎక్కువ చెప్పను. విండోస్‌లో వాడే తన వీడియో ప్లేయర్ క్విక్‌టైమ్‌కి ఆపిల్ 2016లోనే సపోర్ట్ ఆపేసింది, అప్పుడే బయటపడిన రెండు మెమరీ బగ్స్‌కి ప్యాచ్ రాదని తేలాక, తీసేయండని అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థే చెప్పింది. అయినా పాత ప్రాజెక్టులు తెరవడానికి కావాలని ఇంకా ఉంచుకున్న ఎడిటింగ్ సిస్టమ్స్ ఉన్నాయి. ఇప్పటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆపిల్ వీడియో ఫార్మాట్ ప్రోరెస్‌ని క్విక్‌టైమ్ లేకుండానే చదువుతుంది. మరీ పాత కోడెక్ అయితే ఒకసారి వర్చువల్ మెషీన్లో మార్చేసుకుని దాన్ని వదిలించుకోండి. ఎప్పుడో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సిస్టమ్ కొన్నప్పుడు వేసిచ్చిన కోడెక్ ప్యాక్, అంటే రకరకాల డీకోడర్ల మూట, కూడా అంతే, తీసేయండి. హెచ్ఈవీసీ ఫార్మాట్ వీడియోల కోసం మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే ఎక్స్‌టెన్షన్ మంచిదే, దానికి అప్‌డేట్లు స్టోర్ ద్వారా వస్తాయి, 2020లో అలాగే వచ్చాయి. ఆఫీసులో స్టోర్‌ని బ్లాక్ చేసి ఉంటే మాత్రం ఆ ప్యాచ్ మీకు చేరదు, ఐటీ వాళ్ళని అడగండి.

ఫోన్

అందరికీ గుర్తుండాల్సింది 2015 స్టేజ్‌ఫ్రైట్. ఆండ్రాయిడ్ మీడియా లైబ్రరీలో బగ్స్, జింపీరియం కంపెనీలో జోషువా డ్రేక్ బయటపెట్టాడు, ఒక్క ఎంఎంఎస్ వస్తే చాలు, మీరు తెరవకపోయినా ఫోన్ దాన్ని ముందే చదవడం మొదలుపెట్టేది. 95 కోట్ల ఫోన్లకు ముప్పు ఉందని ఆ కంపెనీ అంచనా వేసింది. ఈరోజు మన ఫోన్లో కనిపించే నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్ పద్ధతి ఆ దెబ్బతోనే మొదలైంది. తర్వాత ఆండ్రాయిడ్ 7లో ఆ మీడియా సర్వీసుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ తక్కువ అధికారాలిచ్చారు, ఆండ్రాయిడ్ 10 నుంచి సాఫ్ట్‌వేర్ కోడెక్‌లను ఇంకా గట్టి శాండ్‌బాక్స్‌లో పెట్టి, ఫోన్ కంపెనీతో పనిలేకుండా గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ ద్వారా మార్చేలా చేశారు.

కాబట్టి ఫోన్లలో ఎంపిక ప్లేయర్ యాప్‌లో లేదు, ఫోన్ వయసులో ఉంది. ప్యాచ్‌లు వస్తున్న ఫోన్ అయితే సందేహం ఉన్న వీడియోని పాత విండోస్ సిస్టమ్‌లో కంటే ఫోన్లో చూడటమే మేలంటాను. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి, ఏడాది దాటి ఉంటే అమ్మానాన్నలకి ఆ ఫోన్ ఇచ్చి వాట్సాప్ గ్రూపుల్లో వదలొద్దు. 2019 నవంబర్‌లో వాట్సాప్‌లోనే ఎంపీ4 ఫైల్‌తో పేలే మెమరీ బగ్ సంగతి బయటికొచ్చింది, అప్‌డేట్ చేసుకున్నవాళ్ళకి బాధ లేకపోయింది. స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ ఆపేయడం కూడా పెద్దవాళ్ళ ఫోన్లలో మీరే చేసిపెట్టండి, వాళ్ళంతట వాళ్ళు చేయరు. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే ఆండ్రాయిడ్ బాక్సులు కొనేముందు అక్కడే ఆన్ చేయించి ఈ ప్యాచ్ తేదీ చూడండి, పాతదైతే దాన్లో మీ గూగుల్ అకౌంట్ పెట్టకండి.

హార్డ్‌వేర్ డీకోడింగ్ సేఫా అని కూడా అడుగుతుంటారు. బ్యాటరీకి మంచిది, స్పీడుకి మంచిది, సెక్యూరిటీకి తప్పకుండా మంచిదని చెప్పలేం. చిప్‌కి పని అప్పజెప్పే డ్రైవర్ కూడా ఫైల్లోని లెక్కల్ని చదవాల్సిందే, అది ఒక్కోసారి ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే ఉంటుంది. 2022 మార్చి 31న ఆపిల్ సరిగ్గా అలాంటి బగ్‌కే, ఏవీడీ అనే వీడియో డ్రైవర్లో, ప్యాచ్ ఇచ్చింది, అప్పటికే ఎవరో వాడి ఉండొచ్చని కూడా ఒప్పుకుంది. కెర్నల్లో పేలితే యాప్ శాండ్‌బాక్స్ అడ్డు రాదు. అలాగని మీరు హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి కూర్చోవాల్సిన పని లేదు, ఓఎస్ అప్‌డేట్ వాయిదా వేయకండి, అంతే.

యాప్‌లో వీడియో అప్‌లోడ్ పెట్టినవాళ్ళకి

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఇక్కడ ముక్కూమొహం తెలియనివాడి ఫైల్‌ను ఎవరూ క్లిక్ చేయకుండానే మీ సర్వర్ తెరుస్తుంది, ఆ సర్వర్లో మీ కస్టమర్ల డేటా ఉంటుంది.

ఎక్కువగా కనిపించే పద్ధతి: యాప్ నడిచే మెషీన్లోనే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేసి, అప్‌లోడ్ అయిన ప్రతిదాన్నీ దానికి అందించడం. ఇది వద్దు, పదిమంది యూజర్లు ఉన్నా సరే. డాకర్ కంటైనర్లో, అంటే ప్రోగ్రామ్‌ని విడిగా ఉంచే పెట్టెలో, పెట్టాం కదా అంటారు, కొంత నయం, కానీ కంటైనర్ హోస్ట్ కెర్నల్‌నే పంచుకుంటుంది, పైగా చాలామంది ఆ కంటైనర్‌కే డేటాబేస్ పాస్‌వర్డ్, క్లౌడ్ కీలు ఇచ్చేసి ఉంటారు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ బదులు అలాంటి పనే చేసే జీస్ట్రీమర్‌కి మారితే? సెక్యూరిటీ కోసమే అయితే మారకండి. గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్ రీసెర్చర్ ఒకరు దాన్లో 29 బగ్స్ పట్టుకున్నారు, ఎక్కువ భాగం ఎంపీ4, ఎంకేవీ విప్పే చోటే, 2024 డిసెంబర్‌లో ఫిక్సులు వచ్చాయి. రెండూ సీలో రాసినవే, మీ టీమ్‌కి ఏది బాగా తెలుసో, దేన్ని క్రమం తప్పకుండా అప్‌డేట్ చేయగలరో అది వాడండి. రస్ట్ డీకోడర్ల సంగతి ఆశగానే ఉంది. వీడియోలాన్ వాళ్ళు సీలో రాసిన ఏవీ1 ఫార్మాట్ డీకోడర్ డావ్1డీలోనూ పెద్ద ఫ్రేమ్ సైజుల దగ్గర లెక్క పొంగే బగ్ బయటపడి 2024లో 1.4.0 వెర్షన్‌తో పోయింది. దాన్ని రస్ట్‌లోకి మార్చిన రావ్1డీ దాదాపు 5 శాతమే నెమ్మది, ఆ తేడా తగ్గించినవాళ్ళకి 2025లో 20,000 డాలర్ల బహుమతి కూడా పెట్టారు. కాకపోతే అసెంబ్లీ భాగాలు దాన్లోనూ పాతవే, పైగా అది ఏవీ1కి మాత్రమే, మీకొచ్చే అప్‌లోడ్లలో ఎక్కువ ఫోన్ కెమెరాల హెచ్.264, హెచ్ఈవీసీ.

ఇద్దరు ముగ్గురు డెవలపర్లున్న టీమ్ అయితే నా సలహా: నిమిషాల లెక్కన డబ్బు తీసుకునే క్లౌడ్ ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చే) సర్వీసు. బిల్లు వస్తుంది, నిజమే, కానీ డీకోడర్ మీ మెషీన్లో ఉండదు, దాన్ని ప్యాచ్ చేసే తలనొప్పి మీది కాదు.

వీడియోలు పెరిగి బిల్లు భరించలేని స్థాయికి వచ్చాక సొంతంగా పెట్టుకోండి, అప్పుడు మాత్రం పద్ధతిగా. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని మీరే బిల్డ్ చేయండి, ముందు అన్నీ డిసేబుల్ చేసి మీకు నిజంగా వచ్చే నాలుగైదు ఫార్మాట్లు మాత్రమే ఎనేబుల్ చేయండి, ఆ 1995 నాటి గేమ్ తలుపు లాంటివన్నీ ఒక్క దెబ్బకు మూసుకుపోతాయి, నా దృష్టిలో తక్కువ శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. దాన్ని ఫైర్‌క్రాకర్ లాంటి చిన్న వర్చువల్ మెషీన్లోనో జీవైజర్ (gVisor) అనే శాండ్‌బాక్స్‌లోనో నడపండి. నెట్‌వర్క్ వద్దు, కీలు వద్దు, ఒక ఫైల్ లోపలికి, ఒక ఫైల్ బయటికి, పని కాగానే మెషీన్ చెరిపేయాలి. నెట్‌వర్క్ ఎందుకు వద్దంటున్నానంటే, 2016లో బయటపడిన సమస్యలో మెమరీ బగ్ కూడా అక్కర్లేకపోయింది: వీడియో పేరుతో ప్లేలిస్ట్ ఫైల్ పంపి, సర్వర్లోని ఫైళ్ళను ఎఫ్ఎఫ్ఎంపెగ్ చేతే చదివించి బయటికి లాగగలిగారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏయే దారుల్లో (ఫైల్, నెట్ లాంటివి) డేటా తెచ్చుకోవచ్చో చెప్పే ప్రోటోకాల్ వైట్‌లిస్ట్ కూడా పెట్టుకోండి.

అప్‌డేట్ దగ్గర ఇంకో గుంట ఉంది. సిస్టమ్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ కొత్తదే ఉన్నా, పైథాన్‌లో పిప్‌తో వేసుకున్న ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీ తన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని తానే వెంట తెచ్చుకుంటుంది, ఎలక్ట్రాన్‌తో చేసిన డెస్క్‌టాప్ యాప్‌లూ అంతే. రెండేళ్ళ కిందట కట్టిన డాకర్ ఇమేజ్ సంగతి చెప్పక్కర్లేదు. ఏ ఇమేజ్‌లో ఏ డీకోడర్ ఏ వెర్షన్ ఉందో ఒక షీట్‌లో రాసుకుని, నెలకోసారి ఇమేజ్‌ను మళ్ళీ కట్టే జాబ్ పెట్టండి.

"మేం ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో చెక్ చేసే తీసుకుంటాం" అని కొందరు ధీమాగా చెబుతారు, ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే, ఫైల్ వివరాలు చూపే టూల్. ఫార్మాట్, సైజు, వెడల్పు, ఎత్తు చూసి తేడాగా ఉన్నవాటిని తిప్పికొట్టడం మంచి అలవాటే, మానకండి. కానీ ఎఫ్ఎఫ్‌ప్రోబ్ కూడా అవే లైబ్రరీలతో ఆ ఫైల్‌ను విప్పి చూస్తుంది, పాడు ఫైల్ అక్కడే పేలొచ్చు, కాబట్టి ఆ చెకింగ్‌ని యాప్ సర్వర్లో కాకుండా అదే శాండ్‌బాక్స్ లోపల నడపండి.